అచ్చియ్యమ్మ మాట్లాడుతోంది

చోడవరం బస్టాండులో అనకాపల్లి బస్సులు ఆగే చోట సన్యాసమ్మ పొద్దున్న ఏడింటికల్లా బుట్ట దించుతుంది. తడిగుడ్డ కింద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఇంకా పొగలు కక్కుతూ ఉంటాయి. "ఏడేడి సెనక్కాయలూ" అని ఒక్క కేక వేసిందంటే బస్సు చివరి సీట్లో కునుకు తీసేవాడు కూడా కళ్ళు తెరుస్తాడు.

ఒక్కోసారి ఆ కేక మధ్యలోనే తెగిపోతుంది. నోరు కదులుతూ ఉంటుంది, శబ్దం రాదు. సన్యాసమ్మ ఏమీ కంగారుపడదు. తల వంచుకుని పొట్లాలు కట్టుకుంటుంది. కొనేవాళ్ళూ కంగారుపడరు. "అవతల అచ్చియ్యమ్మ మాటాడతంది గావాల" అనుకుని, ఎన్ని పొట్లాలు కావాలో వేళ్ళతో చూపించి తీసుకుపోతారు.

అచ్చియ్యమ్మ సన్యాసమ్మతో కలిసి పుట్టిన చెల్లెలు. వాళ్ళ తండ్రి పరదేశి రోలుగుంట పక్క పల్లె నుంచి బర్మా వెళ్ళి, మౌల్మీన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. కవలలు అక్కడే పుట్టారు. ఇద్దరికీ కలిపి ఒక్కటే గొంతు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవారికి మాట ఉండదు. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ళదే. ఇద్దరూ ఒకేసారి ఏడవరు కదా, అదే పదివేలు అనుకుంది తల్లి.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో అక్కడి సైనిక ప్రభుత్వం తరిమితే మన దేశపు వాళ్ళంతా ఓడలెక్కి వచ్చేస్తున్న రోజుల్లో, వీళ్ళూ మూటలు కట్టుకుని రంగూన్ రేవుకు చేరారు. అక్కడ డాక్టరు అచ్చియ్యమ్మ ఒంటి మీద పొక్కులు చూసి ఓడ ఎక్కనివ్వలేదు. ఏడేళ్ళ పిల్ల. మేనత్త ఆ పిల్లతో ఆగిపోయింది. వెనక ఓడకి వచ్చేస్తామంది. ఆ వెనక ఓడ ఎప్పుడూ రాలేదు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

అయినా చెల్లెలు బతికే ఉందని సన్యాసమ్మకు రోజూ తెలిసేది, తన గొంతు పోయినప్పుడల్లా. కొడుకు సత్తిబాబు పుట్టేటప్పుడు నొప్పులతో అరవబోతే గొంతు లేదు. "దానికి ఇప్పుడే కబుర్లు కావాల్సొచ్చేయా!" అని మంత్రసాని విసుక్కుంది. భర్త పోయిన రోజున మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొంతు సన్యాసమ్మ దగ్గరే ఉంది. కడుపారా ఏడ్చింది. అవతల అచ్చియ్యమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉంటుందని వీధంతా చెప్పుకుంది.

రెండువేల పంతొమ్మిదిలో ఫణిశ్రీ వచ్చింది. ఊళ్ళో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన రామచంద్రమూర్తిగారి కూతురు. విశాఖపట్నంలో ఒక రేడియోలో పని చేస్తోంది. ఇండియా, బర్మా, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ రేడియో వాళ్ళు కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక దేశంలో ముసలివాళ్ళ పాటలు, కబుర్లు రికార్డు చేసి మిగతా నాలుగు దేశాల్లోనూ వాళ్ళ వాళ్ళ భాషలో వివరం చెప్పి వినిపిస్తారు. దాని పేరు 'ఇరుగు పొరుగు'.

"మామ్మా, బర్మాలో మీ అమ్మ పాడిన పాటలేవైనా గుర్తున్నాయా?" అని అడిగింది ఫణిశ్రీ.

"ఒక జోలపాటుంది పాపా. సగం తెలుగు, సగం బర్మా. ఆ బర్మా మాటలకి అర్తం నాకూ తెల్దు."

రామచంద్రమూర్తిగారి ముందుగదిలో ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, మైకు పెట్టారు. సన్యాసమ్మ రెండు చరణాలు పాడింది. మూడోదానికి గొంతు పోయింది. చెయ్యెత్తి ఆగమంది. ఫణిశ్రీ మిషను ఆపి, చెమటలు కక్కుతూ నలభై నిమిషాలు కూర్చుంది. గొంతు వచ్చాక మిగతా పాట పూర్తయింది.

మూడు వారాల తర్వాత మౌల్మీన్ బజారులో ఆ పాట రేడియోలో వచ్చింది. అక్కడ సేమ్యా పులుసు అమ్ముకునే ఒక ముసలమ్మ దగ్గరికి చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "నువ్వు ఇక్కడ కూర్చుని మాతో మాట్లాడుతున్నావు, రేడియోలో పాడేదెవరు?" అన్నారు. ఆ ముసలమ్మ చేతిలో గరిటె పులుసులో పడిపోయింది. అక్కడి రేడియోలో పనిచేసే థిరి అనే అమ్మాయి మర్నాడే ఆమె గుమ్మం ముందు ఉంది. గొంతు విన్నాక ఇంక వేరే ఆనవాలు అడగలేదు. ఆ రోజే ఫణిశ్రీకి ఫోన్ చేసింది.

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు ఫోన్ తెర మీద చూసుకున్నారు. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు. ఎవరికీ మాట రాలేదు. యాభై అయిదేళ్ళ తర్వాత ముఖాలు చూసుకుంటూ అలాగే ఉండిపోయారు. చివరికి అచ్చియ్యమ్మ చెయ్యి ఊపింది, ముందు నువ్వు కానీ అన్నట్టు.

"ఒంటిమీద పొక్కులు తగ్గేయేటే?" అంది సన్యాసమ్మ. ఆమెకు అదే నోటికొచ్చింది.

అచ్చియ్యమ్మ నవ్వడం తెరలో కనిపించింది. అక్క నోరు మూశాక, చిన్నప్పటిలాగే అప్పా అని పిలుస్తూ ఆమె అంది, "ఎప్పుడో తగ్గిపోయేయప్పా. రెండో వారానికే తగ్గిపోయేయి."

ఇవతల సన్యాసమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, చప్పుడు లేకుండా.

థిరి అక్కడ చెల్లెలి చేత అదే జోలపాట పాడించింది. ఫణిశ్రీ, థిరి ఆ రెండు పాటలనూ ఒకదానిమీద ఒకటి కలిపి, కొత్త పాటగా తయారుచేశారు. అది అయిదు దేశాల్లోనూ వచ్చింది. ఢాకాలో ఒకావిడ విని ఏడ్చానని రాసింది. కొలంబో రేడియోవాళ్ళు మళ్ళీ మళ్ళీ వేశారట. అదంతా ఫణిశ్రీ చదివి వినిపిస్తే సన్యాసమ్మ ఒక్కటే అడిగింది. "మల్లీ ఎయ్యి పాపా. మా ఇద్దరి గొంతూ ఒక్కపాలి ఇనడం నాకిదే."

ఆ తర్వాత సంవత్సరం విశాఖపట్నంలో పొరుగుదేశాల కళాకారులందరికీ పండగ పెడదామనుకున్నారు. అచ్చియ్యమ్మకి కూడా టిక్కెట్టు పంపుతామన్నారు. ఆమె పాస్‌పోర్టుకి ఫోటో దిగింది. కరోనా వచ్చి పండగ వెనక్కి జరిగింది. ఇరవై ఒకటి వేసవికి అన్నారు. ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం ప్రభుత్వాన్ని దించేసింది. వారం తిరక్కుండా థిరి పనిచేసే స్టేషను మూతపడింది. 'ఇరుగు పొరుగు' తాత్కాలికంగా నిలిపివేయడమైనదని అయిదు దేశాల వాళ్ళకీ ఒకే కాగితం వచ్చింది. ఫణిశ్రీ పై ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. థిరి ఫోను కూడా పలకడం మానేసింది.

ఫణిశ్రీ వచ్చి విషయం చెప్పినప్పుడు సన్యాసమ్మ అడిగింది.

"అక్కడ సోల్జర్లు ఆపి అడుగుతారు కదా, నువ్వెవరివని?"

"అడుగుతారేమో మామ్మా."

"అడిగినప్పుడు అది జవాబు సెప్పాల. అదే టయానికి నేనిక్కడ సెనక్కాయలని అరుస్తుంటేనో?"

అంతే. ఆ ఏడాదికి అవే ఆఖరి మాటలు. మర్నాటి నుంచి సన్యాసమ్మ నోరు విప్పలేదు. బస్టాండులో కేక వెయ్యడం మానేసి, కంచం మీద గరిటెతో కొట్టేది. రోజుకి ఒక్కసారి, తెల్లవారుజామున దుప్పటి మడతపెడుతూ "ఆఁ" అని చిన్నగా అని చూసుకునేది. ఆ శబ్దం రాకపోతే ఆ పూటంతా ఆమె ముఖం తేటగా ఉండేది.

సత్తిబాబు ఆటో నడుపుతాడు. రాత్రి అన్నం దగ్గర తల్లిని బతిమాలేవాడు. "ఆవిడెప్పుడో ఏదో మాటాడుతుందని నువ్వు నాతోటి మాటాడవేటమ్మా? నేను నీకేటీ కానా?" తల్లి ఇంకో ముద్ద కూర అతని కంచంలో వేసేది. అతను కోపంతో చెయ్యి కడిగేసుకున్న రోజులూ ఉన్నాయి. ఏడాది అలా గడిచింది.

మరుసటేడు శివరాత్రి ముందు రోజు పొద్దున్న బస్టాండు బయట చెరకు ట్రాక్టరు వెనక్కి నడుస్తోంది. చెవుల్లో ఏవో పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ కాలేజీ గుంట ఒకతె సరిగ్గా దాని వెనక్కే వెళుతోంది. సన్యాసమ్మ కంచం మీద కొట్టింది. పిల్ల తిరగలేదు. ఇంకో మూడు అడుగులు.

"ఒసే గుంటా! ఆగే! ట్రాక్టరే!"

ఏడాదిగా దాచిన గొంతు ఉరుములా వచ్చింది. పిల్ల గతుక్కుమని ఆగింది. చెరకు గడల చివర్లు ఆమె సంచిని గీసుకుంటూ పోయాయి. జనం మూగి డ్రైవరును తిట్టారు, పిల్లను తిట్టారు. సన్యాసమ్మ మాత్రం చెంగు నోట్లో కుక్కుకుని బుట్ట పక్కన కూలబడిపోయింది. ఆ ఒక్క క్షణంలో అవతల ఏ మాట తెగిపోయిందో, ఏం జరిగిపోయిందో అన్నదే ఆమె ధ్యాస. ఆ పిల్ల వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టినా చూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున "ఆఁ" రాలేదు. చెల్లెలు మాట్లాడుతోంది. సన్యాసమ్మ శివుడికి రెండు కొబ్బరికాయలు కొట్టించింది.

మే నెల మొదటివారం నుంచి ఆ "ఆఁ" ప్రతిరోజూ వచ్చింది. మొదట రోజుకి రెండుసార్లు చూసుకుంది, తర్వాత పదిసార్లు. మధ్యాహ్నం చూసుకుంది. చీకటితో లేచి చూసుకుంది. ఎప్పుడు చూసినా గొంతు ఆమె దగ్గరే ఉంది, పిలవకుండానే వచ్చి కూర్చున్నట్టు. పన్నెండో రోజున ఆమె బస్టాండుకు వెళ్ళి బుట్ట దించి, "ఏడేడి సెనక్కాయలూ" అని కేక వేసింది. ఏడాది తర్వాత వచ్చిన కేక విని టీకొట్టువాడు నవ్వుతూ చెయ్యూపాడు. ఆమె మళ్ళీ వేసింది. మళ్ళీ వేసింది. పది గంటలైనా, పదకొండైనా ఆ కేక ఒక్కసారీ తెగలేదు. మధ్యాహ్నానికి టీకొట్టువాడి నవ్వు పోయింది. కండక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం నాలుగింటికి పూలమ్మే ఆవిడ లేచి వచ్చి, సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంకాపీవే" అంది.

సత్తిబాబు ఆటో తెచ్చి తల్లిని ఇంటికి తీసుకుపోయాడు. ఆ రాత్రి ఆమె కొడుకుతో మాట్లాడింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఎంతసేపు మాట్లాడినా గొంతు ఎక్కడికీ పోలేదు.

జూలైలో ఫణిశ్రీ విశాఖపట్నం నుంచి బస్సు దిగి తిన్నగా ఇంటికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, సన్యాసమ్మే అంది, "తెలుసు పాపా. రా, కూకో."

థిరి బతికే ఉంది. అచ్చియ్యమ్మను, ఆమె తొమ్మిదేళ్ళ మనవరాలు చిన్నతల్లిని వెంటబెట్టుకుని అడవుల్లోంచి థాయిలాండు సరిహద్దు దాటింది. చిన్నతల్లి అమ్మానాన్నా అక్కడే చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. దాటాక జ్వరంతో అచ్చియ్యమ్మ పోయింది. పోయే ముందు థిరి ఫోనులో అక్కకని నాలుగు మాటలు చెప్పింది. ఫణిశ్రీ ఆ ఫోను రికార్డు వినిపించింది.

"అప్పా, నేను. పగలు పడుకుని రాత్రులు నడిసేం. శివరాత్రి ముందు రోజు పొద్దున్న రబ్బరు తోటలో పడుకున్నాం. తెలివొచ్చి సూసేసరికి పక్కన పిల్ల లేదు. పేరెట్టి అరుద్దామని నోరు తెరిసేను. గొంతు రాలేదు. ఏడాదై నువ్వు నోరు కట్టుకున్నావని నాకు తెలుసు, ఎప్పుడు పిలిసినా గొంతు నా కాడే ఉండేది. ఆ పూటే రాలేదు. అంతలో బూట్ల సప్పుడు. సోల్జర్లు మా పొద పక్కనించే పోయేరు. నేను అరిసుంటే అందరం అయిపోదుమప్పా. పిల్ల సెట్టు సాటున కూకుని ఉంది. ఆ పూట నువ్వేటి మాటాడేవో నాకు తెల్దు. ఏదైనా మంచిమాటే అయ్యుంటది."

సన్యాసమ్మ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఫణిశ్రీ నెమ్మదిగా అంది, "మామ్మా, ఇంకొకటి. అమ్మమ్మ పోయిన దగ్గర్నుంచి చిన్నతల్లి మాట్లాడ్డం లేదట. అన్నం సరిగ్గా తినడం లేదట. వాళ్ళమ్మ ఏం చెయ్యాలో తెలీక థిరిని అడిగింది. థిరి నన్నడిగింది."

"దానికి తెలుగొచ్చా?"

"ముసలమ్మ దగ్గర పెరిగింది కదా. వచ్చునట."

ఫణిశ్రీ ఫోన్ కలిపింది. అవతల రేకుల గది, చాప, ముందు అన్నం కంచం. చిన్న పిల్ల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని ఎటో చూస్తోంది. సన్యాసమ్మ గొంతు సవరించుకుంది.

"సిన్నతల్లీ, అన్నం సల్లారిపోతంది కదమ్మా."

పిల్ల చటుక్కున తలెత్తింది. గదంతా వెతికింది. తలుపు వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది, చివరికి ఫోన్ దగ్గరికి ముఖం తెచ్చి, రెండు నెలల తర్వాత నోరు విప్పింది.

"అమ్మమ్మా! ఎక్కడికెళ్ళిపోయేవు?"

ఫణిశ్రీ పక్కకి తిరిగిపోయింది. గుమ్మంలో సత్తిబాబు నిలబడి వింటున్నాడు. సన్యాసమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికీ ఎల్లలేదమ్మా. సోడారంలో ఉన్నాను. ముందు నువ్వు ఆ ముద్ద పెట్టుకో, నేను సూస్తన్నాను."