గంగ వైపు

నాకు కోపం ఎక్కువ. మా దాలయ్య బావ కారు దాన్ని రెట్టింపు చేసింది. భీమిలి నుంచి విశాఖ దాకా స్టీరింగును రెండు చేతులతో గుంజి పట్టుకుంటే తప్ప తిన్నగా పోదు. పాతికేళ్ల డొక్కు బండి, దాని పొగరు చూడండి!

బావ ఫిషింగ్ హార్బర్లో బోటు డ్రైవరు. రెండు నెలల కిందట చేపల వేటలో బోటు మీంచి పడిపోయాడు. బోటు వచ్చింది, మనిషి రాలేదు. ఒళ్లు దొరకలేదు కాబట్టి మా అక్క సీతాలు నమ్మదు. ప్రతి మంగళవారం హార్బరుకు వెళ్లి, వచ్చిన బోటునల్లా అడుగుతుంది. తిండి మానేసి పుల్లలా అయిపోయింది. శుక్రవారం కర్మ చేసేద్దామని పెద్దలంటే, చెయ్యనంటే చెయ్యనంది. ఇలాగే ఉంటే బావ వెనకే ఇదీ పోతుందని నా భయం.

బావ వేటకెళ్లిన రోజు అక్కా బావా గొడవ పడ్డారు. వేటకెళ్లే మనిషిని మాలో "ఎల్లిరా" అని పంపాలి. ఆ మాట కోసం బావ గుమ్మంలో కాసేపు నిలబడ్డాడట. అక్క మొహం తిప్పేసుకుంది. ఈ సంగతి నాకొక్కడికే చెప్పింది.

ఈ మంగళవారం అక్కను హార్బరులో దింపి, కారును మెకానిక్కు ఎల్లారావు షెడ్డుకు తీసుకెళ్లాను. గంగ వైపు లాగుతోందని చెప్పాను. సముద్రాన్ని మేం గంగ అంటాం. కుడి, ఎడమ మాకు తెలియక కాదు, నోటికి రావు. గంగ వైపు, కొండ వైపు, అంతే. నేను భీమిలి నుంచి వచ్చానని మెకానిక్కుకు తెలుసు గనక ఎడమ అని లెక్క వేసుకున్నాడు. అరిగిపోయిన సామాను మార్చి, చక్రాలు సరిచేసి, ఇక ఒక్క వేలితో తిప్పుకోవచ్చన్నాడు.

అక్క వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పలేదని మొహం చూస్తేనే తెలిసింది. రుషికొండ దాటే దాకా బండి బుద్ధిగానే నడిచింది. ఆ తర్వాత స్టీరింగు నా చేతుల్లో మెల్లగా కుడికి తిరిగింది. నేను ఎడమకు లాగాను. అది మళ్లీ కుడికి పోయింది. ఎల్లారావుని ఏడు తరాలతో సహా తిట్టాను.

తిడుతూ తిడుతూ అటు చూశాను. తిరుగు ప్రయాణంలో సముద్రం కుడి పక్కనుంటుంది. పొద్దున ఎడమ పక్కనుంది. అరిగిన బండి ఏదో ఒక పక్కకే లాగుతుంది కదా, ఇది మాత్రం గంగ వైపే లాగుతోంది. స్టీరింగును మళ్లీ రెండు చేతులతో గుంజి పట్టుకున్నాను.

మంగమారిపేట దగ్గర ఎదురుగా బస్సు వస్తోంది. బ్రేకు అదిమి తొక్కినా వేగం తగ్గలేదు. అక్క వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"వదిలీరా తమ్ముడా. మీ బావ పిలుత్తన్నాడు."

నమ్మి కాదు, చేతుల్లో సత్తువ లేక వదిలేశాను. బస్సు హారన్ కొడుతూ మా వెనక నుంచి పోయింది. కారు రోడ్డు దాటి, ఒడ్డున పెట్టిన రెండు పడవల మధ్య నుంచి ఇసకలోకి దిగి, ముందు చక్రాలు నీళ్లలో మునిగాక దానంతటదే ఆగింది. మిట్టమధ్యాహ్నం. అల కూడా లేదు.

అక్క తలుపు తీసి నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు మునిగాయి, నడుం మునిగింది. నేను పరుగెత్తి కొంగు పట్టుకున్నాను. విదిలించుకుంటుందనుకున్నాను, కానీ అక్కడే నిలబడింది.

"నాను పంపలేదనేటి, ఇక్కడే ఆగిపోనావు?" అని నీళ్లనడిగింది.

ఆ రోజు మింగేసిన మాట ఇప్పుడు అంటుందని నేను ఎదురుచూశాను.

"ఎల్లు మావా," అంది.

రా అనలేదు. బతికున్న మనిషితో ఆ మాట అలా సగంలో ఆపరు.

తర్వాత వెనక్కి తిరిగి, తడి కొంగు పిండుకుంటూ నా వైపు వచ్చింది.

"పద తమ్ముడా. ఆకలేత్తంది."

పేట కుర్రాళ్లు కారును రోడ్డు మీదికి తోశారు. తాళం తిప్పగానే అందుకుంది. భీమిలి దాకా ఒక్క వేలితో నడిపాను, వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు. వెనక అక్క పేటలో కొన్న అన్నం పొట్లం విప్పుకుని తింటోంది. నేను మాటిమాటికీ సముద్రం వైపు చూశాను. ఒక్కసారి లాగు బావా, అనుకున్నాను. లాగలేదు.