గొల్లభామలు ఇల్లు మారిన రోజు

బోరబండలో సత్తెమ్మ ఇంటి కింది గదిలో రూతమ్మ కాపురం. పొద్దున్నే మొగుడు అబ్రహాం హైటెక్ సిటీలో వాచ్‌మన్ డ్యూటీకి వెళ్ళగానే, గడప మీద కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. పెళ్ళిళ్ళకు చీర కట్టడానికి నల్లగండ్ల అపార్టుమెంట్ల దాకా పిలుస్తారు. అంత పనిమంతురాలికి నోట్లో మాట మాత్రం లేదు. ఏ విసుగొచ్చినా చేతిలో సూదికే చెప్పుకుంటుంది.

ఆ వేళ సూదికి చెప్పుకోవడానికి చాలానే ఉంది. దసరా పోగానే గది ఖాళీ చెయ్యమని నిన్ననే సత్తెమ్మ అనేసింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, బస్సులు బందు. ఆంధ్రోళ్ళకు గదెందుకిచ్చినవని గల్లీలో పోరు పెడుతున్నారట. గేటుకు టులెట్ అట్ట కూడా కట్టేసింది. ఈ గల్లీ వదిలితే రూతమ్మకు బేరాల్లేవు. గుంటూరు యాస విన్నాక ఇంకోచోట గది ఇచ్చేవాళ్ళూ లేరు.

అట్ట కట్టిన మర్నాడే మళ్ళీ పిలుపు.

"రూతమ్మా, జర పైకి రా! రోహిణికి చీర కట్టాలె."

"చూశావా చోద్యం?" అని సూదితో అని, రూతమ్మ మెట్లెక్కింది.

సత్తెమ్మ కూతురు రోహిణిది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఆఫీసులో ఆ రోజు బతుకమ్మ. అమ్మమ్మ ఇచ్చిన సిద్దిపేట గొల్లభామ చీర కట్టుకోవాలి. దాని అంచు పొడుగునా నెత్తిన కుండలు పెట్టుకున్న భామలు బారులు తీరి ఉంటారు. ఒక్కో భామ కోసం నేతగాడు రంగుదారాన్ని పోగు పోగుకీ వేళ్ళతో దూర్చుకుంటూ పోవాలి. మెడ వంపు, చేతిలో చెంబు, జడ కొస కూడా తెలిసేట్టు నేశాడు మహానుభావుడు. అంత ప్రాణం పెట్టి నేస్తే వాళ్ళు మాత్రం కుదురుగా ఎందుకుంటారు? పెట్టె తెరిస్తే చాలు, దుప్పటి మీదికీ పరదాల మీదికీ షికారు పోతారు. పొద్దు గూకేసరికి కోళ్ళు గంప కిందికి చేరినట్టు చీరలోకి చేరతారు. కొత్తలో కొంగు మూల పసుపు పెట్టినప్పుడే అది వాళ్ళ ఇల్లయిపోయింది. సత్తెమ్మకు వాళ్ళను తిట్టడం రోజువారీ పనే.

రూతమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పెట్టింది. మడతల్లో పడ్డ భామలు ఊపిరాడక పైకెక్కేశారు. విప్పి మళ్ళీ పెట్టింది. ఈసారి అందరూ పోయి భుజం మీద గుమిగూడారు.

"ఆంటీ, టైమైతుంది! కొంగు సన్నగ పిన్ను చెయ్యిర్రి, మీదికెళ్ళి బెల్టు పెడ్త," అంది రోహిణి, ఫోన్లో బొమ్మ చూపిస్తూ.

బెల్టు బిగించారో లేదో, నడుము దగ్గరివాళ్ళు కుండలు పట్టుకుని కిందికి పరుగు.

"వాళ్ళకి బెల్టు పడదమ్మా," అంది రూతమ్మ మెల్లగా.

"ఆళ్ళకు పడేదేంది? కట్టుకునేది నేను!"

రోహిణి నాన్న పోచయ్య ఆర్టీసీ డ్రైవరు. సమ్మె మొదలైన కాణ్నుంచి మంచం దిగలేదు. గడప అవతల నుంచి అందుకున్నాడు. "బస్సెక్కే పబ్లికే నయముల్లా. లైన్ల నిలబడుర్రంటే నిలబడ్తరు."

"నువ్వు జర నోర్ముయ్యి!" అని సత్తెమ్మ ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది.

ఆ అరుపుకు బెదిరి భామలంతా ఒక్కసారే చీర దిగి, నేల మీద పరుచుకున్న రూతమ్మ కొంగు ఎక్కేశారు. అది మంగళగిరి చీర. జరీ అంచు తప్ప ఒంట్లో ఒక్క పువ్వు లేదు. ఇంత జాగా ఎన్నడూ చూడనట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. రోహిణి ఒంటి మీద చీర బోసిగా మిగిలింది.

సత్తెమ్మ ఆ బోసి చీర కొంగు మూల తిప్పి చూసింది. "పసుపేదే?"

రూతమ్మ కుచ్చిళ్ళు వదిలేసింది. "మొన్న ఫాల్ మార్చినప్పుడు మరకనుకున్నానండి. సబ్బు పెట్టి రుద్దేశాను. మా ఇళ్ళల్లో బట్టలకి పసుపు పెట్టం కదండీ."

"ఓ నా తల్లీ! ఉన్న ఇంటికి తలుపులే పీకినవ్ గదనే!"

ఇంతలో ఇద్దరు భామలు కిటికీ పరదా వైపు చూశారు. పరదా దాటితే రోడ్డే. సత్తెమ్మ కంగారుగా బతుకమ్మ పళ్ళెంలో తడిపి ఉంచిన పసుపులో బొటనవేలు ముంచి, "ఆగుర్రే! ఆడ్నే ఆగుర్రి!" అంటూ ముందు దొరికిన కొంగుకు ఒత్తేసింది.

ఆగారు. కుండలు సర్దుకుని, జడలు వెనక్కేసుకుని, చక్కగా బారులు తీరారు. రూతమ్మ కొంగు మీద.

ఏం చేసిందో సత్తెమ్మకు అప్పుడు తెలిసింది. వేలు చూసుకుంది, కొంగు చూసింది.

పోచయ్య తొంగి చూశాడు. "గా మంగళగిరి అంచును నిజాం అంచనే అంటరట. మన నిజామే, పరాయి ఇల్లేం గాదు తియ్యి."

రోహిణి ఏడుపు మొహంతో, "ఆంటీ, మీ చీరనే ఇయ్యిర్రి," అంది. తలుపేసుకుని ఇద్దరూ చీరలు మార్చుకున్నారు. బెల్టు జోలికి పోలేదు. కుచ్చిళ్ళు ఒక్క తడవకే పడ్డాయి. రోహిణి స్కూటీ మీద కూర్చున్నా ఒక్క భామ కదిలితే ఒట్టు.

బోసి చీరలో మెట్లు దిగబోతూ, రూతమ్మకు ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ వచ్చేసింది.

"దసరా అయ్యాక నా చీర నేను పట్టుకెళ్తానండి."

"మరి మా భామలో?"

"పసుపు మీరే కదండీ పెట్టింది."

సత్తెమ్మ లోపలికి పోయి గిన్నెల మీద విరుచుకుపడింది.

మర్నాడు రూతమ్మ నీళ్ళకని లేచేసరికి గేటుకు అట్ట లేదు. డ్రమ్ము మీద మూతై కూర్చుంది, పైన ఒక రాయితో. దాన్ని చూసీ చూడనట్టు నీళ్ళు పట్టుకుని, రోహిణి రాత్రి తిరిగిచ్చిన మంగళగిరి చీరను కొంగు మూల పసుపు పోకుండా ఉతికి, గంజిలో ముంచబోయింది. బియ్యం చాట పట్టుకుని సత్తెమ్మ పక్కనే వచ్చి కూలబడింది. గంజి వంక చూసి నెత్తి కొట్టుకుంది.

"గదేం గంజే, గంత చిక్కగ! ఆళ్ళ మెడలు పట్టుకపోవా? నీతోని పరేషానైతున్న గదనే. వచ్చే బతుకమ్మకన్న జర పల్సగ పెట్టుడు నేర్సుకో."