బిషప్పు దాటని ఏరు

హామో లోపల, మేం బయట. వాడు బలిపీఠం పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో మగాళ్లందరం కర్రలు పట్టుకుని వంతులవారీగా చర్చి చుట్టూ కాపలా. వాడు తప్పించుకుంటే జరిమానా ఊరి నెత్తిన పడుతుంది. చంపింది వాడు, వానలో నానేది మేము. ఏం న్యాయమో!

వాడు చంపింది నా చెల్లెలు ఆల్డిత్ మొగుణ్ణి. గట్టు తగాదాలో పారతో ఒక్కటేసి, పరుగెత్తి చర్చిలో దూరాడు. దేవుడి ఇంట్లో దూరినవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. రాజుగారి అధికారి ముందు నేరం ఒప్పుకుని దేశం విడిచిపోతే ప్రాణం దక్కుతుంది.

"వాణ్ణి పోనిస్తావా అన్నా?" అంది ఆల్డిత్, నాకు రొట్టె ఇస్తూ. "ఈ చర్చి సంగతి నీకు తెలీదూ?"

ఎందుకు తెలీదు! ఏరు పొంగితే అవతలి పెద్ద చర్చికి పోలేక, మేం పుట్టకముందే మా పెద్దలు కట్టుకున్నారు దీన్ని. ప్రతిష్ఠకి బయల్దేరిన బిషప్పుగారు ఏటి ఒడ్డున బురద చూసి వెనక్కి పోయారు. పరువు పోతుందని, ప్రతిష్ఠ గుర్తుగా బిషప్పు వేయాల్సిన ఎర్ర శిలువలు పెద్దలే గోడలకి పూసి, ఆయన వచ్చి వెళ్లారని చాటారు. రంగు కలిపింది మా నాన్న. ఆయన పోతూ పోతూ మా ఇద్దరి చెవినే వేశాడు.

"అధికారి రాగానే చెప్తా. వాడి మెడకి తాడు పడ్డాకే నాకు నిద్ర" అంది.

నేను వద్దనలేదు. బావ మంచివాడు.

అధికారి వచ్చాడు. ఊరంతా మూగింది. ఆల్డిత్ అందరినీ తోసుకుంటూ ముందుకెళ్లింది.

"దొరగారూ! ఈ చర్చిలో బిషప్పుగారు అడుగుపెట్టారో లేదో ముందు విచారించండి."

లోపల హామో మొహం పాలిపోయింది.

"ప్రతిష్ఠ జరక్కపోతే ఇది ఉత్త కొట్టం. వాణ్ణి ఇప్పుడే ఈడ్చుకుపోతాను" అన్నాడు అధికారి. "ఏం ఫాదరూ?"

మా ఫాదరు తలూపాడు. "అంతే దొరా. కానీ అప్పుడు ఈ సమాధుల నేలా పవిత్రం కాదు. అందరినీ తవ్వి తీయాల్సిందే."

ఆల్డిత్ గోడవైపు తిరిగింది. అక్కడ ఈస్టరుకి జ్వరంతో పోయిన దాని కూతురు సిబిల్ ఉంది. పక్కనే మొన్న పూడ్చిన మొగుడు. అవతల మా అమ్మానాన్నలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను సిగ్గు లేకుండా దాని మొహమే చూస్తూ నిలబడ్డాను.

"చెప్పవమ్మా. బిషప్పు వచ్చారా, లేదా?"

"వచ్చారు" అంది ఆల్డిత్. "ఆయన గుర్రం కళ్లెం పట్టుకుంది మా నాన్నే."

హామో నేరం ఒప్పుకున్నాడు. వాడికి గోనె చొక్కా తొడిగి, చేతిలో కర్ర శిలువ పెట్టి, ఓడరేవుకి దారి చూపించారు. బయటికొస్తూ, సిబిల్ సమాధి పక్కన నిలబడ్డ ఆల్డిత్ ముందు మోకాళ్లమీద పడ్డాడు.

"తల్లీ! నన్ను క్షమించావు. బతికినన్నాళ్లూ నీకోసం ప్రార్థన చేస్తాను."

"లే" అంది ఆల్డిత్. "లేచి నడు. నా పిల్ల పక్కన నీ మోకాలు ఆనకూడదు."