పాత పెట్టె వీపు

షాపులో ధర వినగానే బొమ్మలాయన పక్కనున్న కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. కట్టబోయే ఇళ్ళను ముందే కంప్యూటర్లో కట్టి చూపించడం ఆయన పని, అందుకే ఆ పేరు. ఒక్క కంప్యూటర్‌కి ఇంత ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"ఇంత పోసి కొంటే వంటా వార్పూ కూడా చేసి పెడుతుందా అండీ?" అన్నాడు.

"అవేం చెయ్యదండీ. మీ ఇళ్ళను మాత్రం గిర్రున తిప్పుతుంది," అంది షాపామె.

అయినా కొనాలనే ఉంది. కారణం చెల్లెలు. మూడేళ్ళు ఆయన దగ్గరే పనిచేసింది. గోడ ఒకటి జరపాలన్నా తెర మీద బొమ్మ ఈసురోమంటూ, ఆగి ఆగి కదిలేది. "మెషిన్ నెమ్మది అన్నయ్యా, ఒకసారి వెనక చూడు" అని ఆమె అంటే, "మెషిన్ కాదు, నీ చెయ్యి మొద్దు" అనేవాడు. ఒకనాడు పని ఇచ్చినవాళ్ళ ముందే ఆ మాట అనేశాడు. మర్నాడు ఆమె తన మౌస్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయి, వేరే ఆఫీసులో చేరింది. అక్కడ అందరికంటే ముందు పని ముగించేది ఆమేనట! మొన్న ఎవరో చెబితే బొమ్మలాయన, వాళ్ళ దగ్గర ఖరీదైన కంప్యూటర్లుంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అలాంటిదే తనూ కొంటే చెల్లి తిరిగొస్తుంది. ఆయనకు కావలసింది అదే.

షాపామెది ఒక వింత పట్టుదల. పాత కంప్యూటర్ పెట్టె వీపు చూడనిదే ఎవరికీ కొత్తది అమ్మదు. మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చి, కుర్చీ బయట పెట్టించి, గోడకానించిన బల్లను ముందుకు లాగించి, టార్చి వేసి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది.

"తెర వైరు ఇక్కడ ఎవరు పెట్టారండీ?"

"నేనే. చెల్లి పెడతానంది గానీ, నీకు తెలీదు తప్పుకో అన్నాను." గర్వంగానే చెప్పాడు.

"బొమ్మల కోసం మీరు వేయించుకున్న కార్డు కింద ఉంది. వైరేమో పైనున్న మామూలు రంధ్రంలో పెట్టారు. పాపం, ఆ కార్డు ఇన్నాళ్ళూ పనీపాటా లేకుండా కూర్చుంది."

వైరు పీకి కింద పెట్టింది. బొమ్మలాయన మౌస్ కదిపాడు. మూడంతస్తుల ఇల్లు గిర్రున తిరిగింది. ఆయన మళ్ళీ తిప్పి చూశాడు.

"ఇది కూడా చూడండి," అంటూ షాపామె టార్చి ఆయన చేతికిచ్చింది.

కింది రంధ్రం పక్కన చిన్న కాగితం అంటించి ఉంది. చెల్లెలి గుండ్రటి రాత: 'అన్నయ్యా, వైరు ఇందులో పెట్టాలి. పైన కాదు.'

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకసారి వైరు కిందికి మారి ఉంది. నన్నడక్కుండా ఎవరు ముట్టుకున్నారని ఇల్లెగిరిపోయేలా అరిచి, వంగి చూడకుండానే తడిమి మళ్ళీ పైన గుచ్చింది తనే. ఇంకెవరూ ఈ పెట్టె వెనక చెయ్యి పెట్టడానికి వీల్లేదని హుకుం కూడా జారీ చేశాడు.

చెల్లెలికి ఫోన్ చేశాడు.

"నీ కాగితం చూశానమ్మా."

"ఇప్పుడా?" అంది చెల్లెలు.

"తప్పంతా నాదే. నీ చేతిని ఎన్నెన్ని మాటలన్నానో! వచ్చెయ్యమ్మా. నీకోసం చాలా ఖరీదైన మెషిన్ కొంటాను."

"కొనకన్నయ్యా, దండగ. మన పాతదే చాలా మంచిది." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఇక్కడివి దానికంటే పాతవి. కాకపోతే, వెనక చూడమని నేనంటే చూస్తారు."

నిన్న ధర విన్నప్పుడు పట్టుకోవడానికి కుర్చీ ఉంది. ఇవాళ ఇంట్లోని కుర్చీ బయట ఉంది. బొమ్మలాయన ఫోన్ చెవికి ఆనించుకునే నేల మీద చతికిలబడ్డాడు.