మేడమ్ గారి కుడికాలు

ఆ కారు మేడమ్‌ది. కొన్నది ఆమె, కడిగేది ఆమె, నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు మోయించేదీ ఆమే. కానీ వారంలో ఆరు రోజులు అందులో ఆమె చోటు పక్క సీటే. స్టీరింగు ముందు ఎవరో ఒకరు చెమటలు కక్కుతూ కూర్చుంటారు. ఆమె తన వైపు బిగించుకున్న రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించీ ఆనించకుండా పెట్టుకుని "మెల్లగా, మెల్లగా" అంటూ ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే కాబట్టి ఏ సందులో తిరిగినా పలకరింపులు తప్పవు. అందరికీ ఆమె మేడమే, ఇంట్లో మొగుడితో సహా.

నెలకు ఒక్క ఆదివారం మాత్రం స్టీరింగు ఆమె చేతికొస్తుంది. ఊరికి గంట దూరంలో రేసు ట్రాకు ఉంది. ముందుగా పేరు రాయించుకుంటే ఎవరి సొంత కారు వాళ్లు తీసుకెళ్లి ఆ రోజు తిప్పుకోవచ్చు. పోటీ లేదు, బహుమతి లేదు, ఎవరి సరదా వాళ్లది. మేడమ్ ముందురోజే నెత్తిమీది బోర్డు తీసి, రెండో బ్రేకు ఊడదీయించి, పెళ్లికి వెళ్లేదానిలా పెందలాడే తయారవుతుంది. నలభై ఏడేళ్ల వయసులో తన భార్యకున్న ఒకే ఒక్క దురలవాటు ఇదని మొగుడు అందరికీ చెప్పుకుంటాడు. ఆయనది కళ్లజోళ్ల షాపు, మెత్తని మనిషి.

అంత మెత్తని మనిషీ పోయిన నెల గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ట్రాకులో పొడవాటి దారి చివర, మలుపు ముందు మేడమ్ బ్రేకు నొక్కితే, కాలు దూదిలోకి దిగినట్టు దిగిపోయింది. కారు ఆగకుండా వెళ్లి మలుపు అవతల పోసి ఉంచిన కంకరలో కూరుకుపోయింది. కారుకు గీత పడలేదు, ఆమెకు గోరు విరగలేదు. అయినా కారు కింద ఇరుక్కున్న కంకర రాళ్లను వారం రోజులు ఏరుతూ ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"ఇంకొక్కసారి బ్రేకు ఇలా చేసిందంటే ఇక ఆ ఆదివారాలు వద్దు. ఒప్పుకుంటావా?"

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మాట తప్పే మనిషి కాదు, చిక్కంతా అక్కడే. నెలకు ఒక్క రోజు దొరికే తన సీటు ఇప్పుడు చక్రాలను ఒరుసుకుని ఆపే, అరచేతిలో పట్టే నాలుగు బ్రేకు ప్యాడ్ల మీద ఆధారపడి ఉంది.

ఆమె కారు చూసే ముసలి మెకానిక్‌ను బాబాయ్ అంటుంది. ఆయన పాత ప్యాడ్లు ఊడదీసి, కాలిన అంచుల్ని గోటితో గీకి చూసి పెదవి విరిచాడు. "ఇవి మాడిపోయాయి. లోపల బ్రేకు ఆయిల్ కూడా మరిగి ఉంటుంది. అందుకే కాలు దిగిపోయింది," అని బల్ల మీద మూడు అట్టపెట్టెలు పెట్టాడు.

"ఇది ఇప్పుడు నీకున్న రకమే. పొద్దున్నే చల్లగా ఉన్నా చెప్పిన మాట వింటుంది, బాగా కాలితే చేతులెత్తేస్తుంది. ఈ చివరిది రేసుది. ఎంత కాలితే అంత గట్టిగా పట్టుకుంటుంది, కాలకపోతే మాత్రం నిద్ర లేవదు. మధ్యలోది రోడ్డు మీదా ఆగుతుంది, వేడీ కొంత ఓర్చుకుంటుంది. దేంట్లోనూ మొదటి మార్కు రాదు."

మేడమ్ ట్రాకు స్నేహితుల్ని ఫోనులో అడిగింది. ఏ ఇద్దరికీ ఏ విషయంలోనూ పడని ఆ గుంపు ఈ ఒక్కదానికి మాత్రం ఏకమై, రేసు ప్యాడ్లే వేయించమంది. వాళ్లందరికీ పనులకు వెళ్లడానికి ఇంట్లో ఇంకో కారు ఉందన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

"నీ దగ్గర నేర్చుకునేవాళ్ల సంగతేంటమ్మా?" అన్నాడు బాబాయ్.

"పక్కన నేనున్నాను కదా," అని మేడమ్ రేసు ప్యాడ్లే వేయించింది.

మరుసటి రోజు పొద్దున్నే మొదటి పాఠం ఒక నర్సుది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తుంది పాపం, బెదురు మనిషి. కారు బయల్దేరి రెండు నిమిషాలు కూడా కాలేదు. ఏటవాలు దిగాక సిగ్నల్ ఉంది, ఎర్ర లైటు పడింది. నర్సు నేర్పినట్టే సమయానికి బ్రేకు మీద కాలు వేసింది. కారు వినలేదు. ఇంకాస్త నొక్కింది. కీచుమని ఊరంతా వినబడేలా అరిచిందే గానీ ఆగలేదు. మేడమ్ తన వైపు బ్రేకును సీటులోంచి లేచినంత పని చేసి తొక్కితే, తెల్ల గీత దాటి నిలువెడు దూరంలో నిలబడింది. కూరల సంచితో రోడ్డు దాటుతున్న పెద్దాయన ఒకడు కారు వంకా, మేడమ్ వంకా చూసి, ఏమీ అనకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నర్సు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కాల్లో బలం చాలట్లేదేమో మేడమ్. ఇది నా వల్ల అయ్యే పని కాదేమో."

మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. పంతొమ్మిదేళ్లలో ఎందరో తప్పులు చేశారు, ఆమె సరిదిద్దింది. తన తప్పును ఇంకొకరు నెత్తిన వేసుకుని ఏడవడం మాత్రం ఇదే మొదలు. "నీ తప్పు కాదమ్మా, నాది. బ్రేకులు నేనే పాడుచేశాను. నువ్వు సరిగ్గానే ఆపావు," అని కారు పక్కకు పెట్టించి తనే స్టీరింగు పట్టుకుని నేరుగా బాబాయ్ షెడ్డుకు పోనిచ్చింది. ఆ రోజు మిగతా పాఠాలన్నీ రద్దు.

బాబాయ్ రేసు ప్యాడ్లు ఊడదీశాడు. మధ్య పెట్టెలోవి బిగించి, ఆయిల్ కూడా కొత్తది పోశాడు. "ఇది ట్రాకులో నిలబడుతుందని మాటివ్వలేను తల్లీ. నీకు తెలుసుగా."

"తెలుసు బాబాయ్. కానీ నా సరదాకి ఆ పిల్ల కాలు బలి కాకూడదు."

అన్నదే గానీ, ఇంటికొచ్చేసరికి దిగులు పట్టుకుంది. రాబోయే ఆదివారమే ఆఖరిది కావచ్చు. ఆ మాట మొగుడికి చెబితే ఆయన, "అయితే ఈసారి మేమూ వస్తాం," అన్నాడు. మేమంటే ఆయనా, వాళ్లమ్మానూ. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచీ అత్తగారికి లోకం మీద ఆసక్తి రెట్టింపయింది. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలకు కూడా రంగుల వారీగా లెక్క చెబుతుంది.

ఆదివారం ట్రాకు పక్కన కంచె దగ్గర మడత కుర్చీ వేయించుకుని, కొడుకు చేసిచ్చిన కొత్త కళ్లజోడు తుడుచుకుని అత్తగారు స్థిరపడింది. మేడమ్ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరింది. మొదటి రెండు చుట్లు హాయిగా నడిచాయి. మూడో చుట్టులోనూ పర్వాలేదు. నాలుగో చుట్టులో, పొడవాటి దారి చివర, బ్రేకు కింద ఏదో మెత్తబడింది. పోయిన నెల అంత కాదు, కారు ఆగింది. కానీ మెత్తబడింది. ఆమె ఇక తొక్కకుండా నెమ్మదిగా బయటికి తెచ్చేసింది.

అబద్ధం చెబితే ఎవరికీ తెలియదు. కానీ హెల్మెట్ తీసి నేరుగా మొగుడి దగ్గరికి నడిచి, "కాలు దిగిందండీ," అంది.

"మొత్తమా?"

"పావు వంతు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. పావు వంతుకు మాట ఎంత వర్తిస్తుందో ఆయనకూ తెలియలేదు. ఆమె మొహం చూస్తే వద్దనడానికి నోరు రావడం లేదు, సరేననడానికి ధైర్యం చాలడం లేదు.

"అమ్మాయ్," అంది అత్తగారు కుర్చీలోంచి. "నీ కారు వెనక ఎర్ర లైటు చెడిపోయిందా?"

"లేదే అత్తయ్యా. వెలగట్లేదా?"

"వెలగకపోవడమా. ఆరితేగా! మిగతా వాళ్లవి మలుపు దగ్గర టక్కున వెలిగి టక్కున ఆరిపోతున్నాయి. నీది దారి సగంలోనే అంటుకుని వంపు దాటేదాకా వెలుగుతూనే ఉంది. మధ్యలో ఏ అడ్డూ లేకపోయినా అంతే. నాలుగు చుట్లూ చూశాను."

మేడమ్ తెల్లబోయింది. వెంటనే కాదని చెప్పబోయి ఆగిపోయింది. తన కుడికాలి వంక చూసుకుంది. అది ఇప్పుడు కూడా, నేల మీద నిలబడి ఉండగానే, మడమ ఆనించి వేళ్లు కొంచెం పైకి లేపి కాచుకుని ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఎవరో తప్పు చేస్తారని బ్రేకు మీద ఆనించిన కాలు, స్టీరింగు తన చేతికొచ్చినా యాక్సిలరేటర్ ముందే వదిలేసి బ్రేకు మీదే వాలుతోంది. వేగం తగ్గించేటప్పుడూ మెల్లగా, మెల్లగా అంటూ దూరం నుంచే రాస్తూ వచ్చింది. ప్యాడ్లకు చల్లారే వ్యవధే లేదు. మాడ్చింది రేసు కాదు, జాగ్రత్త. తన మీద తనకే నమ్మకం లేదన్న సంగతి అంత సూటిగా తెలిసేసరికి ఆమెకు సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది.

"ఇంకొక్క విడత తిప్పనిస్తారా?" అంది మొగుడితో. "ఈసారి దిగితే తాళాలు మీ చేతిలో పెట్టేస్తాను."

"అరగంట ఆరనివ్వు," అన్నాడాయన. అదే ఒప్పుకోవడం.

బ్రేకులు చల్లారేదాకా ఆమె కారు చుట్టూ పచార్లు చేసింది. రెండో విడతలో పొడవాటి దారి ఎక్కగానే కాలు తనంతట తాను బ్రేకు వైపు జరిగింది. "వద్దు," అని పైకే గదమాయించింది, ఎవరో నేర్చుకునేవాళ్లను అన్నట్టు. మలుపు ఇంకా వంద మీటర్లన్న బోర్డు వచ్చేదాకా యాక్సిలరేటర్ వదల్లేదు. బోర్డు రాగానే ఒక్కసారి బలంగా నొక్కింది. సీటు బెల్టు భుజాన్ని కోసినంత పని చేసింది. వేగం తగ్గింది. వదిలేసింది. కారు మలుపులోకి తిరిగి, అంతే తేలిగ్గా బయటికొచ్చింది. నాలుగో చుట్టు అయింది, ఐదయింది, ఎనిమిదయింది. బ్రేకు కాలి కింద రాతి మెట్టులా నిలబడే ఉంది. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, హెల్మెట్‌లో ఎవరికీ వినబడదన్న ధీమాతో గొంతెత్తి పాడేసింది. ఆమె గొంతు ఎలాంటిదో ఇంట్లోవాళ్లకు తెలుసు కాబట్టి, వినబడకపోవడమే అందరికీ మంచిది.

బయటికొచ్చేసరికి అత్తగారు తీర్పు సిద్ధంగా ఉంచింది. "ఇప్పుడు బాగుంది. అందరిలాగే మిణుకుమంటోంది."

మొగుడు కిందకి వంగి చక్రాల సందులోంచి బ్రేకు డిస్కుల్ని చూశాడు. ఏం చూడాలో ఆయనకు తెలియదు, అయినా చాలాసేపు చూశాడు. "కాలు దిగిందా?" అన్నాడు లేస్తూ.

"దిగలేదండీ. వెంట్రుకవాసి కూడా."

సాయంత్రం ట్రాకు నిర్వాహకుడు వచ్చే నెలకు పేర్లు రాసుకుంటూ అట్టకు బిగించిన కాగితంతో కంచె పొడవునా వచ్చాడు. మేడమ్ చెయ్యి చాచబోయి, మొగుడి వైపు చూసి ఆగింది. ఆయనే ఆ అట్ట అందుకున్నాడు. కళ్లజోడు సవరించుకుని, కళ్ల పరీక్ష చీటీ రాసినంత శ్రద్ధగా ఆమె పేరు రాశాడు. నడిపేవారు అన్న గడిలో గుర్తు పెట్టాడు. ఆ పక్కనే వెంట వచ్చేవారు ఎందరు అన్న గడి ఉంది. అందులో రెండు అని వేసి, వాళ్లమ్మ వైపు తిరిగి అడిగాడు.

"అమ్మా, వచ్చే నెల నీకేం పని లేదుగా?"