సతుర్నీనా సమ్మతి

డ్యూటీ దిగే వేళకు భానుమతి కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. అల్ సద్‌లోని ఆ ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో ఆమెకిక మిగిలింది ఒక్క సంతకం. చివరి గదిలో సతుర్నీనా అనే పెరూ దేశపు ముసలావిడ ఉంది. కుడి డొక్కలో నొప్పితో వచ్చింది. రేపు ఉదయం ఆమె పిత్తాశయం తీసేస్తారు. ఆపరేషన్ సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పామనీ, ఆమె తెలిసే ఒప్పుకుందనీ నర్సు సాక్షి సంతకం పెట్టాలి. ముసలావిడ వేలిముద్ర పడింది. పక్కన కొడుకు ఎలీయాస్ సంతకమూ పడింది. పాలకొల్లు నుంచి వచ్చి ఖతార్‌లో తల నెరిసిన భానుమతి ఇలాంటి సంతకాలు లెక్కలేనన్ని పెట్టింది. కలం మూత తీసింది.

గది బయట బెంచీ మీదున్న బాషా లేచి నిలబడ్డాడు. రాయచోటి పక్క పల్లెవాడు. అల్ హిలాల్‌లో ఎలీయాస్ విల్లాకు డ్రైవరు. వారం రోజులుగా ముసలావిడను స్కానింగులకూ రక్తపరీక్షలకూ తిప్పుతున్నది అతనే.

"అక్కా, ఒక మాట. కోస్తారని ఆయమ్మకు తెలుసునా?"

"తెలియకేం? వాళ్లబ్బాయి నా ఎదురుగానే స్పానిష్‌లో అంతా చెప్పాడు. ఆవిడ 'సీ' అంది. అంటే అవునని."

"అదే అక్కా నేను చెప్పేది. అన్నిటికీ అదే అంటాది. బండిలో ఏసీ తగ్గించేదా అంటే సీ. పెంచేదా అంటే సీ. ఒకతూరి నవ్వులాటకి, నన్ను దత్తు తీసుకుంటావా అవ్వా అని తెలుగులో అడిగినా. దానికీ సీ అనె."

"ఆస్తి రాయించుకోలేకపోయావా?"

"నువ్వు నవ్వుతాండావు గానీ, ఒంటిగా ఉన్నప్పుడు ఆయమ్మ ఇంకేందో భాష మాట్లాడతాది. ఉర్లగడ్డలు తొక్క తీస్తా వాటితోనే మాట్లాడతాది. సారు ఇంట్లోకి వచ్చినాడంటే గమ్మున అయిపోతాది."

భానుమతి నవ్వు ఆగింది. ఎవరికి పెట్టినా ఒకే అంకె చూపించే థర్మామీటరును ఆమె నిమిషమైనా ఉంచుకోదు. స్కానింగులో రాళ్లు కనిపించిన మాట నిజమే. కానీ ఆ వయసులో పిత్తాశయంలో రాళ్లున్న చాలామందిని అవి ఏ బాధా పెట్టవు. ఈమె నొప్పి వాటివల్లేనని తేల్చింది ఈమె జవాబులే. తిన్నాక నొప్పా? అవును. వీపులోకి పాకుతుందా? అవును. ఆ అవునులు ఉత్తవైతే రేపు ఒక ముసలి ఒంటిని వృథాగా కోస్తారు. అసలు నొప్పి లోపలే ఉండిపోతుంది.

ఇంటికి పోయి కాళ్లు చాపుకోవాలని ఉంది. అయినా గదిలోకి నడిచింది.

ఎలీయాస్ సైటు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. హెల్మెట్ పట్టీ నొక్కుకున్న గీత నుదుటి మీద ఇంకా ఎర్రగా ఉంది. ప్రపంచ కప్పుకు మూడేళ్ల గడువున్నా, అతను కట్టించే స్టేడియం పైకప్పుకు గడువు దగ్గరపడింది. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"అయిందా సిస్టర్? నేను మళ్లీ సైటుకు వెళ్లాలి."

"ఇంకొక్క ప్రశ్న. ఈ మంచం కింద ఒంటె ఉందా అని అమ్మగారిని అడగండి."

"ఏమిటీ?"

"అడగండి, దయచేసి."

అతను విసుగ్గా స్పానిష్‌లో అడిగాడు. ముసలావిడ ప్రశ్న వినలేదు, కొడుకు ముఖం చూసింది. ఏ జవాబైతే ఆ ముఖం చల్లబడుతుందో వెతుక్కున్నట్టు చూసి, తల ఊపింది.

"సీ, సెన్యోర్."

సెన్యోర్ అంటే అయ్యగారు. ఆ మాట ఫిలిప్పీన్స్ నర్సుల నోట విని భానుమతికి తెలుసు. తల్లి కొడుకును అనవలసిన మాట కాదని కూడా తెలుసు.

ఎలీయాస్ కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు ఫోను మోగినా తీయలేదు.

"లీమాలో నా దగ్గర ఎన్నో ఏళ్లు ఉంది. స్పానిష్ వచ్చేసిందనుకున్నాను."

"ఆవిడ సొంత భాష ఏది?"

"కెచువా." ఇంట్లోవాళ్ల జబ్బు పేరు చెప్పినంత మెల్లగా చెప్పాడు. "మా కొండల భాష. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉంది."

భానుమతికి నర్సింగ్ కాలేజీ నాటి మశూచి పాఠం గుర్తుకొచ్చింది. "అక్కడి జనం చాలామంది వాళ్లు తెచ్చిన మశూచితోనే పోయారని చదువుకున్నాం."

"పోయినవాళ్లు పోయారు సిస్టర్. మిగిలినవాళ్ల గురించి మీ పాఠంలో ఏముంది?"

ఆమె ఆలోచించింది. "ఏమీ లేదు. పాఠం అక్కడితో అయిపోతుంది."

"మిగిలినవాళ్ల భూమి తీసుకున్నారు. ఆ భూమి మీదే వాళ్లను కూలీలుగా ఉంచారు. ఎన్ని తరాలైనా మారలేదు. మా అమ్మ పుట్టింది కూడా దొర గారి పొలంలోనే. చిన్నప్పుడు ఆయన ఇంట్లో ఊడ్చింది. దొర స్పానిష్‌లో పని చెబుతాడు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అంటే కొరడా. అందుకని మావాళ్లకు ముందుగా వచ్చే మాట 'సీ' ఒక్కటే."

"ఇప్పుడు దొర లేడు కదా. కొడుకే కదా అడిగింది."

అతను నుదుటి మీది గీతను వేలితో రుద్దుకున్నాడు. "బడిలో కెచువా మాట్లాడితే టీచరు కొట్టేది. పిల్లలు వెక్కిరించేవాళ్లు. ఒకరోజు ఇంటికొచ్చి, ఇక నాతో ఆ భాషలో మాట్లాడకు అన్నాను. అమ్మ మాట తప్పలేదు."

భానుమతి ఓదార్చలేదు. ఆమె దగ్గర అంత ఓపిక మిగల్లేదు. "మీకు అందులో ఎంత వచ్చు?" అంది.

"పసిపిల్లవాడికి వచ్చినంత."

"నొప్పి ఎక్కడ అని అడగడానికి అది చాలు."

అతను తల్లి పక్కకు వంగాడు. "మామాయ్," అన్నాడు, అమ్మా అని. తర్వాతి మాటలు తడబడుతూ వచ్చాయి.

ముసలావిడ ముందు తలుపు వైపు చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత కొడుకును చూసింది. "మానమ్," అంది.

"కాదంటోంది," అన్నాడు ఎలీయాస్. "కడుపులో కాదట."

ఆమె అతని చేయి పట్టుకుని కుడి పక్కటెముకల మీద పెట్టుకుంది. ఇక మాటలు ఆగలేదు. అతను ఒకటి రెండు పట్టుకునేలోగా పది దాటిపోతున్నాయి. చివరికి పెరూ కొండల్లో, అయకూచోలో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. అక్కడ పొద్దున్నే. అక్క తల్లి మాటలు వింటూ స్పానిష్‌లో చెబుతుంటే, అతను భానుమతికి ఇంగ్లీషులో చెప్పాడు. స్నానాలగదిలో కాలు జారిందట. తొట్టి అంచు పక్కటెముకలకు తగిలిందట. ఊపిరి గట్టిగా తీస్తే పొడుస్తుందట. తిండికీ దానికీ సంబంధం లేదట.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదో అడుగు," అన్నాడు అక్కతో. అక్క ఏదో కటువుగా అంది. అతని ముఖం వాడిపోయింది.

"ఏమన్నారు?" అని అడిగింది భానుమతి.

"నువ్వే అడుగు, నీకూ నోరుందిగా అంటోంది."

భానుమతి నడవాలోకి వచ్చి సర్జన్ ఫరీదుద్దీన్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆయన హైదరాబాదు మనిషి.

"ఏంది భానుమతిగారూ, ఓటీ బుక్ చేసినం. మత్తు డాక్టరుకు చెప్పినం. ఇప్పుడు ఒంటె ఉన్నదని ఆపరేషన్ ఆపమంటరా?"

"ఒంటె ఉందని ఒప్పుకున్న మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకుందని నేను సాక్షి సంతకం పెట్టలేను సార్."

అవతల నిట్టూర్పు వినిపించింది. "యా అల్లా. సరే, ఎక్స్‌రే తీయించండి. ఎముక బాగుంటే మళ్ల మొదటికెళ్లి అడుగుదం. వాళ్ల అక్కను ఫోన్‌ల పెట్టి."

ఎముక విరిగిందో లేదో భానుమతికి తెలియదు. ముసలావిడ చెప్పిందంతా నిజమని కూడా ఆమె అప్పుడే అనుకోలేదు. చూడాలి. కాగితంలో తన గడిని ఖాళీగా వదిలి, కలం మూత పెట్టింది.

డ్యూటీ మారింది, వార్డు బాయ్ ఇంకా రాలేదు. ఎక్స్‌రే గదికి చక్రాల కుర్చీ ఆమే తోసింది. వెనుక ఎలీయాస్ చెవికి ఫోన్ ఆనించుకుని, అక్క చెప్పే కెచువా మాటల్ని ఒక్కొక్కటే పలుకుతూ వస్తున్నాడు. ముసలావిడ వెనక్కి తిరిగి భానుమతితో ఏదో చెబుతోంది. కథ చెప్పేవాళ్లలాగా మధ్యమధ్య ఆగి ముఖంలోకి చూస్తోంది. అలవాటుకొద్దీ భానుమతి నోటిదాకా "ఊ" వచ్చింది. ఆపుకుంది. అర్థం కాలేదని తల అడ్డంగా ఊపింది.

ముసలావిడ నొచ్చుకోలేదు. అదంతా మళ్లీ మొదటినుంచి, ఈసారి మెల్లగా, చెప్పడం మొదలుపెట్టింది.