గది ఎవరి పేరున

అరబ్బుల దేశంలో, ఖైతాన్ పేటలోని ఆ గదిలో ఆరు మంచాలు, ఒక పొయ్యి. అద్దె కాగితం మాత్రం నాగేశ్వర పేరున ఉంది. మిగతా అయిదుగురూ మంచానికింత అని నెలనెలా అతనికే ఇస్తారు. నాగేశ్వరది అమలాపురం దగ్గర ఊరు. టైల్స్ పని ఒప్పుకుని, మనుషుల్ని పెట్టి చేయిస్తాడు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, సరిగ్గా ఉన్నవాడు కాబట్టి అన్నాల దగ్గర అతని మాటే ముందు వినపడేది.

అన్వర్ బాషాది రాయచోటి. నలభై ఏడేళ్ళు. ఇంటి డ్రైవరు వీసా మీద వచ్చి, బయట టైల్స్ పనిలోకి దిగాడు. ఏటా చేతిలో పెట్టేది పెట్టినన్నాళ్ళూ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఊరుకున్నాడు. ఆ పెద్దాయన పోయాక కొడుకు మాత్రం, వీడు ఇంట్లోంచి పారిపోయాడని రాసిచ్చాడు. దాంతో ఇఖామా చచ్చింది. ఏడాదిగా అన్వర్ బాషా కాగితం లేని మనిషి. కానీ చేతిలో పని ఉంది. అతను వేసిన బాత్రూమ్‌లో చుక్క నీరు నిలవదు.

వెళ్ళిపోవచ్చు కదా అని అడిగినవాళ్ళకి ఒకటే చెప్పేవాడు. భార్య తస్లీమ్ జాబ్రియాలో ఒక ఇంట్లో పనిమనిషి. రెండేళ్ళ అగ్రిమెంటు. అది పూర్తికాకుండా ఆ ఇంటి యజమానురాలు, మామా, పంపదు. పదిహేను రోజులకొక శుక్రవారం తస్లీమ్‌కి సెలవు. ఫర్వానియా పార్కులో రెండు గంటలు పక్కపక్కన కూర్చుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. ఆమెను ఈ దేశంలో ఒంటరిగా వదిలి పోవడం అతనివల్ల కాలేదు.

కాగితాల్లేనివాళ్ళకు ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తస్లీమ్‌కి ఇంకా పది నెలలు మిగిలి ఉన్నాయి. గడువులోగా పోయేవాళ్ళకు వేలిముద్ర నిషేధం లేదు, కొత్త వీసా మీద మళ్ళీ రావచ్చు. గడువు దాటి దొరికితే ఫింగర్ వేసి పంపుతారు, ఇక జన్మలో ఈ గడప తొక్కడం ఉండదు. ఆ రోజుల్లో ఏ గదిలో చూసినా ఇదే గొడవ.

"గవర్నమెంటోళ్ళు చేసేది కరెక్టేనండి," అన్నాడు నాగేశ్వర, పప్పుచారు కలుపుకుంటూ. "ఎవరి దేశం ఆళ్ళిష్టం. కాయితాల్లేనోళ్ళని ఊడ్చేస్తే, ఉన్నోడికి కూలి పెరుగుద్ది. ఏ, తప్పా?"

"ఊడ్చేదానికి చీపురు పట్టుకునేటోడు గూడా మనోడే గదన్నా," అన్నాడు కడప నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ అసిఫ్. "వాణ్ణి గూడా పంపిచ్చినాక ఎవురూడుస్తారు?"

"ఆయ్, ముందు ఈ గది ఊడవండి," అన్నాడు వంట వంతులో ఉన్న మణి. "బొద్దింకలన్నిటికీ ఇఖామాలున్నట్టున్నాయి, ఒక్కటీ కదలట్లేదు."

అందరూ నవ్వారు. అన్వర్ బాషా కూడా నవ్వి, ముద్ద కిందపెట్టాడు.

"పెరిగే కూలి ఎవురి జోబీలో పడతాదో సూడండప్పా. కాయితం లేనోడు బయపడితే వాని కూలి కోసేది పోలీసోడు కాదు, పని ఇచ్చే మేస్త్రీ."

"మిమ్మల్ని కాదండి బాబూ నేనన్నది," అన్నాడు నాగేశ్వర. "మీరు మనోరు."

వారం తిరగకముందే అన్వర్ బాషా ఊరికి పంపే అవుట్‌పాస్ కాగితం నింపించుకున్నాడు. తస్లీమే బలవంతం చేసింది. "నువ్వు ముందు పో. పది నెల్లే గదా, నేను యట్లనో ఎల్లబారుస్తా," అంది. ఆ సంగతి తెలిసిన సాయంత్రం నాగేశ్వర అతన్ని టీ కొట్టుకి తీసుకుపోయాడు. మహబూలాలో మూడు ఫ్లాట్ల పని ఒప్పుకున్నాననీ, మనుషులంతా పోతున్నారనీ, అతని చెయ్యి కూడా లేకపోతే మునిగిపోతాననీ చెప్పాడు.

"గది నా పేరున ఉంది. నా గదిలోకొచ్చి మిమ్మల్నెవడు పట్టుకెళ్తాడండి? ఇక్కడ తస్లీమ్‌గారికి ఏ జొరమో వచ్చిందనుకోండి, చూసేదెవరు? మీరెళ్ళి రాయచోటిలో కూర్చుని ఏం చేస్తారు?"

జ్వరం మాట దగ్గరే అన్వర్ బాషా మెత్తబడిపోయాడు. కాగితం పెట్టె అడుగుకి పోయింది. నెల తిరిగేసరికి గడువు దాటిపోయింది.

తనిఖీలు మొదలయ్యాక టైల్స్ వేసే ముఠాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కట్టిన బిల్డింగులు నేల లేకుండా నిలబడిపోయాయి. నాగేశ్వర అడిగిన రేటుకు ఓనర్లు ఎదురుమాట్లాడలేదు. అన్వర్ బాషాకిచ్చే రోజుకూలి మాత్రం సగానికి దిగింది. "రిస్కు నేను మోస్తన్నాను గదండి," అన్నాడు నాగేశ్వర. అన్వర్ బాషా ఆ రోజు అన్నాల దగ్గర తనన్న మాట గుర్తుచేయబోయి ఊరుకున్నాడు. దాచిపెడుతున్నవాణ్ణి ఏమని నిలదీస్తాడు?

పని పద్ధతి కూడా మారింది. తెల్లారగట్ల నాగేశ్వర అతన్ని ఫ్లాట్‌లో వదిలి, బయట తాళం వేసుకుపోయేవాడు. తాళం చూస్తే లోపల ఎవరూ లేరనుకుని తనిఖీవాళ్ళు పోతారని. కిటికీలకి అట్టలు. మధ్యాహ్నానికి రొట్టె, పెరుగు ముందే సంచిలో పెట్టుకోవాలి. చీకటి పడ్డాక తాళం తీస్తే బయటికి. మూడు నెలలు అలా గడిచాయి. తాళం చెవి ఒక మనిషి జేబులో ఉందని ఒక్కనాడూ అతనికి దిగులు పుట్టలేదు. పైగా ధైర్యంగా ఉండేది.

ఆ మంగళవారం నాగేశ్వర మధ్యాహ్నమే మహబూలాకొచ్చాడు. చికెన్ బిర్యానీ తెచ్చాడు. పక్కన కూర్చుని తినిపించి, ఆఖరి బాత్రూమ్ గురువారానికి అయిపోవాలన్నాడు. గురువారం సాయంత్రం అసర్ నమాజు వేళకి అయిపోయింది.

శుక్రవారం తస్లీమ్ సెలవు. అన్వర్ బాషా గడ్డం చేసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అసిఫ్ డ్యూటీకి, మణి సరుకులకు దజీజ్‌కి వెళ్ళారు. తక్కిన ఇద్దరూ ముందురోజే పనిమీద పోయారు.

"రోడ్డు మీద చెకింగంట," అన్నాడు నాగేశ్వర చెప్పులు తొడుక్కుని, బయట తాళం వేయబోతూ. "పదింటిదాకా కదలకండి. నేను చూసొచ్చి తాళం తీస్తాను."

పదింటికి తాళం తిరిగింది. "వచ్చినావా నాగేశ్వరా?" అంటూ అన్వర్ బాషా ఎదురెళ్ళాడు.

వచ్చింది ముగ్గురు పోలీసులు. ఒకతని చేతిలో నాగేశ్వర తాళం చెవి, ఎర్రదారంతో సహా. మంచాలు వెతకలేదు, పేరు కూడా అడగలేదు. యల్లా, పద అన్నారు.

వ్యాన్‌లో దారి పొడుగునా అతని ఆలోచన ఒకటే. ఆ చెవి కోసం నాగేశ్వరని ఎంత కొట్టి ఉంటారో. తనవల్ల పిల్లలుగలవాడు ఇరుక్కుపోయాడే అని. కాగితాల్లేనివాళ్ళకు చోటిచ్చినా పంపించేస్తారని అసిఫ్ మొన్ననే ఫోన్‌లో చదివి వినిపించాడు. అందుకని స్టేషన్‌కి చేరేలోపే చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాడు.

స్టేషన్‌లో అరబ్బీ మాటలు తెలుగులోకి మార్చి చెప్పేందుకు ఫర్హత్ అనే హైదరాబాదు కుర్రాడు వచ్చి కూర్చున్నాడు.

"ఎవరి రూముల ఉంటున్నవ్ చాచా?"

"నాకు రూము ల్యా నాయనా. మసీదు పక్కన యాడో పండుకుంటా."

"మసీదుకు తాళమేస్తరా?"

"ఈ పొద్దు దొంగగా దూరినా. రూము గలాయనకు నేనెవురో గూడా తెల్దు. మంచోడు, ఆయప్పను ఏమీ అనొద్దండి."

ఫర్హత్ ఎదురుగా ఉన్న ఫైలులోంచి ఒక కాగితం ఇటు తిప్పాడు.

"గదే రాసిండు ఆయన గూడ. ఎవడో నా రూముల జొర్రిండు, పొమ్మంటే పోతలేడు అని. మంగళారం రాసిచ్చిండు. శుక్రవారం పొద్దుగాల అయితే దొరుకుతడని చెప్పిందీ, చెవి ఇచ్చిందీ ఆయనే."

కింద సంతకం తెలుగులో ఉంది. ఆ సంతకం ప్రతినెలా అద్దె రసీదు మీద చూసిందే. మంగళవారం. బిర్యానీ రోజు. పొద్దున రాసిచ్చి వచ్చి, మధ్యాహ్నం తినిపించాడు. ఆఖరి బాత్రూమ్ అయ్యేదాకా రెండు రోజులు ఆగాడు.

అన్వర్ బాషా ఆ కాగితాన్ని వెనక్కి తోశాడు.

"ఇంకో గడి ఖాళీగుంది చాచా," అన్నాడు ఫర్హత్ గొంతు తగ్గించి. "నీకు పని ఎవరిచ్చిండ్రు అని. తెల్వదంటే ఆదివారానికల్లా ఫ్లైట్ల ఉంటవ్. పేరు చెప్తే కేసైతది. అది తెగేదాక నిన్ను లోపలనే ఉంచుతరు, ఆర్నెల్లు పట్టినా పడతది. ఎట్ల చేసినా ఫింగర్ పడుడే. ఎందుకొచ్చిన పంచాయితి, ఇంటికి పో."

"ఎన్ని నెల్లన్నావ్?"

"ఆరు. ఎక్కువ గూడ కావచ్చు."

తస్లీమ్ అగ్రిమెంటు కూడా ఇంకా ఆరు నెలలే.

"రాయి," అన్నాడు అన్వర్ బాషా. "మహబూలాలో మూడు ఫ్లాట్లు. మూడు నెల్లు. బయట తాళమేసి చేపిచ్చినాడు. పేరు నాగేశ్వర. ఓనరు నెంబరు నా ఫోన్‌లో ఉంది, రాసుకో."

అంతా రాయడం అయ్యాక ఒక్క ఫోనుకి ఒప్పుకున్నారు. తస్లీమ్ వెంటనే ఎత్తింది.

"యాడుండావు? గంట నుంచి పార్కులో కూసోనుండా."

చెప్పాడు. దొరికాననీ, ఇప్పుడప్పుడే పంపరనీ, ఆమె పోయేదాకా ఈ దేశంలోనే ఉంటాననీ. ఆమె ఏడుస్తూనే ధైర్యం తెచ్చుకుంది.

"నువ్వు బయపడొద్దు. నేను ఇప్పుడే నాగేశ్వరన్న కాడికి పోతా. కాయితాలుండే మనిషి, ఆయన వచ్చి మాట్లాడతాడు."

"వద్దు తస్లీమ్," అన్నాడు. "ఆ గదికి పోవద్దు." ఎందుకని ఆమె అడుగుతూనే ఉంది. పోలీసు ఫోన్ కోసం చెయ్యి చాపాడు. అన్వర్ బాషా ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, మంగళవారం దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.